అద్దం ముందు అరమండి

“అమ్మా, నువ్వు బార్‌లో చేరరాదూ!” అని మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను తార్నాక చౌరస్తాలో కూరగాయల సంచీతో నిలబడి ఉన్నాను. ఎదురుగా వైన్స్ ముందు సాయంత్రపు గుంపు. నవ్వాపుకోలేకపోయాను. నా తరం ఆడవాళ్ళకి బార్ అంటే మగవాళ్ళు తాగే చోటు, లేదా వకీళ్ళ సంఘం. మూడో బార్ ఒకటుందని, అది నడుమెత్తున గోడకి బిగించిన కర్ర అని, బాలే నర్తకులు దాన్ని పట్టుకుని సాధన చేస్తారని, ఆ సాధనలోంచి పుట్టిన వ్యాయామాన్ని ఇప్పుడు నాట్యంతో ఏ సంబంధమూ లేని ఆడవాళ్ళు డబ్బిచ్చి నేర్చుకుంటున్నారని తనే విడమరిచి చెప్పింది.

నాకు యాభై నాలుగేళ్ళు. నిరుడు బాత్రూంలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఎముకల సాంద్రత పరీక్ష రిపోర్టు చూసిన డాక్టరమ్మ “నడక ఒక్కటే చాలదు మేడం, కండరాలకి పని చెప్పాలి, తూలిపడకుండా నిలబడటం నేర్చుకోవాలి” అంది. విద్యానగర్‌లో మా ఇంటి నుంచి ఎన్.సి.సి. గేటు మీదుగా ఆర్ట్స్ కాలేజీ దాకా పాతికేళ్ళుగా నడుస్తున్నాను. ఆ నడకే నా వ్యాయామం, నా ఏకాంతం, నా రాతలకి ముడిసరుకు. అది చాలదని వినడం ఒక రకంగా అవమానంగానే తోచింది.

వెతికితే రెండు దారులు కనిపించాయి. ఒకటి, తార్నాకలో అద్దాల భవనంలో ఉన్న ఒక పెద్ద చెయిన్ స్టూడియో. ఊరూరా ఒకే రంగు గోడలు, ఒకే పాటలు, వారానికి రెండు రోజులు బార్ క్లాసు. రెండోది విద్యానగర్‌లోనే, జిరాక్స్ షాపు మేడ మీద హాలు. ముప్పై అయిదేళ్ళావిడ ఒకామె సొంతంగా నడుపుతోంది. ఏది మంచిదని నలుగురినీ అడిగాను. లిఫ్టు, పార్కింగు, ఫీజు, బాత్రూములు అంటూ అందరూ దుకాణాలు పోల్చినట్టు పోల్చి చెప్పారు. సాహిత్యం పాఠం చెప్పుకు బతికేదాన్ని కనక నేను ఆ రెండిట్నీ రెండు పాఠాలుగా చదవాలనుకున్నాను. చెరొక నెలా వెళ్ళాను. మన శరీరాన్ని ఎవరి చేతుల్లో పెడుతున్నాం, ఏ మాటలకి లొంగి పెడుతున్నాం అన్నది లిఫ్టు, పార్కింగులతో తేలే విషయం కాదని అప్పుడే అర్థమైంది.

ముందు ఈ వ్యాయామం పుట్టుక సంగతి. దీన్ని తయారు చేసింది లోటె బెర్క్ అనే నర్తకి. 1913లో జర్మనీలోని కొలోన్‌లో యూదు కుటుంబంలో పుట్టింది. నాజీల పాలనలో అక్కడ బతకలేక భర్తతో లండన్ చేరుకుంది. వెన్ను దెబ్బతిన్నాక, తనకి తెలిసిన నాట్య సాధననీ, వెన్ను కోసం చేసే చికిత్సా వ్యాయామాలనీ కలిపి తనకోసం ఒక పద్ధతి అల్లుకుంది. 1959లో లండన్ మాంచెస్టర్ స్ట్రీట్‌లో ఒక నేలమాళిగలో స్త్రీలకి నేర్పడం మొదలుపెట్టింది. భంగిమలకి ఆమె పెట్టిన పేర్లు మర్యాదస్తులు చెవులు మూసుకునేవి. స్త్రీ సుఖం గురించి దాపరికం లేకుండా మాట్లాడేది. 1971లో ఆమె శిష్యురాలు లిడియా బాక్ ఈ పద్ధతిని న్యూయార్క్ తీసుకెళ్ళింది. 2001లో అమెరికాలో మొదలైన ప్యూర్ బార్ దాన్ని చెయిన్‌గా మార్చింది. 2018లో ఎక్స్‌పొనెన్షియల్ ఫిట్‌నెస్ అనే పెద్ద కంపెనీ దాన్ని కొనేనాటికి 500 పైచిలుకు స్టూడియోలున్నాయి.

ఒక శరణార్థి స్త్రీ తన వెన్ను నొప్పిలోంచి కనిపెట్టుకున్న ఎరుక అరవై ఏళ్ళలో ఇంత ప్రయాణం చేసింది. ఆ దారిలో ఏది మిగిలింది, ఏది రాలిపోయింది అని చూస్తే, కర్ర మిగిలింది, నొప్పీ సుఖమూ రెండూ రాలిపోయాయి. వాటి చోట నాజూకుతనం వచ్చి కూచుంది. ఇది మనకి తెలియని కథేమీ కాదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ వ్యవస్థలోని హింసని ఆపాల్సిందే, సందేహం లేదు. అయితే కోస్తా జిల్లాల కళావంతుల స్త్రీలకి తరతరాలుగా ఒంట్లో నిలిచిన ఆట, అభినయం సిగ్గుపడాల్సిన వస్తువులైపోయాయి. అదే కాలంలో నాట్యం శుద్ధి చేసిన రూపంలో పైకులాల ఇళ్ళ ఆడపిల్లలకి సంస్కారంగా అందింది. ఏ స్త్రీల ఒంటి నుంచి ఆ విద్య వచ్చిందో వాళ్ళని పక్కన పెట్టాకే దానికి గౌరవం దక్కింది. లండన్ నేలమాళిగకీ మన మేజువాణికీ పోలిక అంతవరకే, కానీ ఆ కాస్త పోలిక మర్చిపోవడం నాకు సాధ్యం కాలేదు.

ఎందుకంటే అలా నాట్యం అందిన ఆడపిల్లల్లో నేనూ ఉన్నాను. పదేళ్ళప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. మగవాళ్ళే ఆడవేషాలు కట్టిన ఆ సంప్రదాయంలోకి అప్పటికి ఆడపిల్లలు ధారాళంగా వచ్చేశారు. మా మాస్టారు అద్దె గదిలో, ఎర్ర గచ్చు మీద చెప్పేవారు. రెండేళ్ళు గడిచాయి. నేను పెద్దమనిషినయ్యాను. “ఇంక ఆ గంతులు చాలు” అంది నాన్నమ్మ. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. గజ్జెలు అటక మీదికెక్కాయి, అంతే. తార్నాక చెయిన్ స్టూడియోలో మొదటి రోజు ఆ అమ్మాయి “ప్లియే” అని మోకాళ్ళు పక్కలకి మళ్ళించి, వెన్ను నిటారుగా ఉంచి దిగి చూపించింది. నా ఒళ్ళు నన్నడక్కుండానే దిగింది. అది అరమండి! మడమలు కలపడంలో, కాళ్ళ దూరంలో తేడాలుండవచ్చు, కానీ తొడల్లో లేచిన వణుకు అదే. నలభై రెండేళ్ళ తర్వాత అద్దంలో నన్ను నేను అరమండిలో చూసుకుని కళ్ళు తుడుచుకున్నాను. పక్కనున్నావిడ చెమట అనుకుంది.

కాబట్టి చెయిన్ మీద నాకు ముందే పగ ఉందని ఎవరూ అనుకోవద్దు. పోయిన అరమండిని నాకు తిరిగిచ్చింది అక్కడే. ఈ ఊళ్ళో ఒంటి సాధనకి చోట్లు కొత్త కావు. పాతబస్తీ తాలింఖానాలు, కోఠీ వైపు వ్యాయామశాలలు ఎప్పటినుంచో ఉన్నాయి. అవి మగవాళ్ళవి. వెలుతురూ, తలుపుకి గడియా, శుభ్రమైన బాత్రూమూ ఉన్న హాల్లో ఆడవాళ్ళు కాళ్ళు చాపి చెమటోడ్చడం మా అమ్మ తరానికి ఊహకందని సంగతి. ఆ సౌకర్యాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు.

అయితే చేరేటప్పుడు నాతో సంతకం పెట్టించుకున్న కాగితాలు చదివాను. సంతకానికి ముందు చదువుతానంటే రిసెప్షన్ కుర్రాడు కాస్త కంగారుపడ్డాడు. మొదటి పేజీలోనే “మీ లక్ష్యం” అని ఒక ప్రశ్న, కింద టిక్కు పెట్టడానికి నాలుగు గళ్ళు. బరువు తగ్గడం, టోనింగ్, ప్రసవం తర్వాత పూర్వపు ఆకృతి, పెళ్ళికి సిద్ధం కావడం. నా మణికట్టుకి అందులో గడి లేదు. విరిగిన ఎముక గురించి పన్నెండో పేజీలో ఉంది, ఏమైనా జరిగితే సంస్థకి బాధ్యత లేదని. ఒక పాఠంలో ఏది ముందుంది, ఏది చివరికి నెట్టబడింది అని చూడమని మనం విద్యార్థులకి చెబుతాం కదా! ఇక్కడ ముందున్నది ఇతరులు చూసే శరీరం. చివరికి నెట్టబడింది నొప్పి తెలిసే శరీరం.

క్లాసులో మాటలూ అంతే. “పొడవైన, సన్నని కండరాలు” అని నిమిషానికోసారి వినిపిస్తుంది. కండరం ఎముకకి రెండు చోట్ల అతుక్కుని ఉంటుంది, ఆ రెండు చోట్లూ కదలవు. వ్యాయామం వల్ల కండరానికి బలం వస్తుంది, ఒంటికి వంగే గుణం వస్తుంది. మోకాలి నుంచి తుంటి దాకా ఉన్న దూరం పెరగదు. నర్తకి శరీరాన్ని ఆశచూపి అమ్మే మాట అది. ఇంకొకటి, మోకాలు నొప్పి పుట్టి నేను ఆపినప్పుడు ట్రైనర్ అమ్మాయి నా దగ్గరికొచ్చి “మ్యామ్, ఇది నేను మార్చకూడదు, సీక్వెన్స్ పైనుంచి వస్తుంది” అని మెల్లగా చెప్పింది. ఆమెకి ఇరవై మూడేళ్ళుంటాయి. పొద్దున అయిదున్నరకి ఉప్పల్ నుంచి వస్తుంది. క్లాసు అయిపోయాక ఆ నెల ఇంకెంతమంది చేత ఏడాది ప్యాకేజీ కట్టించాలో లెక్క చూసుకుంటుంది. ఎప్పుడు ఆపాలో తనకీ తెలుసు, ఆపే అధికారం లేదు. నా శరీరం మీద నాకెంత హక్కుందో, తన విద్య మీద తనకీ అంతే ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. చెయిన్లు ఏడాది ఫీజు ముందే తీసుకుంటాయి. 2019లో నేనొక ఆడవాళ్ళ జిమ్ము చెయిన్‌లో అలా కట్టాను. నాలుగు నెలలకి ఒక ఉదయం వెళితే బోర్డు లేదు, తాళం ఉంది. మెట్ల మీద ట్రైనర్లు కూచుని ఉన్నారు, వాళ్ళకి రెండు నెలల జీతం బాకీ. 1932లో మొదలైన తల్వాల్కర్స్ అంతటి పేరు కూడా ఆ ఏడాదే అప్పులు కట్టలేక పడిపోయింది. నేను చేరింది అది కాదు, కానీ పెద్ద పేరు పూచీ కాదని రెండూ ఒకే ఏడాది నేర్పాయి. ఏకపక్షపు షరతులతో రాసుకున్న ఒప్పందాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాలంది. చట్టం ఉందని తెలియడం వేరు, జిమ్ము ఫీజు కోసం కమిషన్ల చుట్టూ తిరిగే తీరిక ఉండటం వేరు. మనలో ఎంతమందిమి తిరిగాం?

ఇక మేడ మీది హాలు. అక్కడ ఒప్పందం లేదు, ఒక రూళ్ళ నోటుబుక్కు ఉంది. పేరు, తేదీ, నెల ఫీజు, చివర ఒక వరస, “ఎక్కడ నొప్పి?” అని. ఎదుట మోకాలు, నడుము, మెడ, కుడి భుజం అని నీలం ఇంకుతో ఆమె రాసుకున్న మాటలు. ఒకచోట “నిద్ర పట్టదు” అని ఉంది. ఆ పేజీ చూసినప్పుడు నాకు హైదరాబాదు స్త్రీలు కూడి తయారు చేసుకున్న ‘సవాలక్ష సందేహాలు’ గుర్తొచ్చింది. స్త్రీల ఆరోగ్యం స్త్రీల అనుభవం నుంచి మొదలుకావాలని ఆ పుస్తకం మనకి నేర్పింది. ఈమె ఆ పుస్తకం పేరు కూడా వినలేదు. నేను మోకాలన్నాను. “మీరు సగమే దిగండి మేడం, కుర్చీ పట్టుకోండి” అంది. ఆమె కర్ర బిగించిన గోడకి అద్దం లేదు. డబ్బుల్లేక పెట్టలేదట. నాకు మాత్రం అద్దం లేకపోవడం హాయిగా ఉంది. వెన్ను నిటారుగా ఉందో లేదో వెన్నునే అడగాల్సి వచ్చింది.

2020 మార్చిలో అన్నీ మూసినప్పుడు, ఆగస్టు 5 నుంచి జిమ్ములు తెరవచ్చని కేంద్రం అనేదాకా, ఆమె ఖాళీ హాలుకి అద్దె కట్టింది. ఫోన్లో క్లాసులు చెప్పింది. సగంమంది ఫీజు పంపలేదు, పంపమని అడగడానికి తనకి మొహం చెల్లలేదంది. ఏడాదికి 20 లక్షలు దాటని ఆదాయం కనక జి.ఎస్.టి. బాధ లేదు. జిమ్ములకి ఆ పన్ను 2025 సెప్టెంబరు 22న 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు సంబరం పెద్ద స్టూడియోలదే, ఈ నోటుబుక్కుకి తేడా పడలేదు. ఇదంతా విని నేను తీర్పు సిద్ధం చేసుకున్నాను. చిన్నది మంచిది, పెద్దది చెడ్డది. వ్యాసానికి ముగింపు కూడా దొరికేసింది.

ఆ ముగింపుని మా డిపార్టుమెంటులో నాకంటే చిన్నదైన ఒక కొలీగు చెడగొట్టింది. నాతో రమ్మని అడిగితే, “నాకు చెయినే నయం మేడం” అంది. “అక్కడ డబ్బు తీసుకుని కార్డిస్తారు. ఇంటిపేరు అడగరు. పరిచయాల మీద నడిచే చోట ముందు పరిచయమే అడుగుతారు.” ఆమె దళిత స్త్రీ. విద్యానగర్‌లో అద్దెకి ఇల్లు వెతుక్కున్న రోజులు ఆమెకి గుర్తున్నాయి. నాకు ఆ రోజులు లేవు. మర్నాడు మేడ మీదికి వెళ్ళి, ఇన్నాళ్ళూ అడగని ప్రశ్న అడిగాను. ఇంటి యజమాని కులం కనుక్కునే హాలు అద్దెకిచ్చాడని టీచరు మామూలు సంగతిలా చెప్పింది. పాటల చప్పుడు కిందికి వినపడకూడదు, బురఖా వేసుకున్నవాళ్ళు మెట్ల మీద గుంపుగా నిలబడకూడదు, ఇవీ షరతులు. సొంత స్టూడియో అంటున్నాం, హాలు ఎవరి సొంతం? అక్కడి ఆత్మీయతకి కూడా గుమ్మం ఉంది. నేను తట్టకుండానే తెరుచుకుంది కనక అది నాకు కనిపించలేదు.

ఆమెలో లోపాలూ కనిపించసాగాయి. పెళ్ళి కుదిరిన పిల్లతో “ఇంకో నాలుగు కిలోలు తగ్గితే లెహంగా బాగుంటుంది” అంది. అంటే చెయిన్ కాగితం మీది గడి ఈమె నోట్లో ఉంది. శిక్షణ ఎక్కడ తీసుకున్నావంటే కొంత బెంగుళూరులో వారాంతపు కోర్సు, కొంత వీడియోలు. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అక్కడ ఉద్యోగం చేయని స్త్రీ కూడా ఫిర్యాదు చేయవచ్చు. చిన్నచోట్ల వాళ్ళు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళాలి. చెయిన్ స్టూడియో గోడ మీద కమిటీ సభ్యుల పేర్లున్న కాగితం చూశాను. అది ఎంత పనిచేస్తుందో తర్వాతి మాట, అడగడానికి ఒక కాగితమైతే ఉంది. మేడ మీద మంచితనం తప్ప కాగితం లేదు. మంచితనం మీదే ఆధారపడాల్సి రావడం ఎంత ప్రమాదమో కుటుంబం మనకి నేర్పలేదా?

మరి ఈ రెండింట్లో ఏది నా ఎముకలకి మేలు? నిజానికి బార్ ఒక్కటే రెండు చోట్లా చాలదు. కర్ర పట్టుకుని చేసే చిన్నచిన్న కదలికల వల్ల తొడలకి ఓర్పు, ఒంటికి నిలకడ వస్తాయి. పడిపోకుండా ఉండటానికి అది నిజంగా సాయం. ఎముక గట్టిపడాలంటే దాని మీద క్రమంగా పెరిగే బరువు పడాలి. కిలో డంబెల్స్ గులాబి రంగులో ఉన్నా కిలోనే. పెద్దవాళ్ళు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ బరువు ఏ రంగుదైనా, ఏ బోర్డు కింద ఎత్తినా ఎముకకి ఒకటే.

ఎముకల గురించి మనకి చెప్పినవాళ్ళు తార్నాకలోనే ఉన్నారు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు పేద స్త్రీల ఎముకలని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. ముప్పై నుంచి అరవై ఏళ్ళ మధ్య స్త్రీలు వాళ్ళు. బాగా తిండి దొరికే స్త్రీలకంటే చాలా ముందుగా వాళ్ళ ఎముకలు పల్చబడుతున్నాయని, దానికి మూలం తిండిలో ఉందని ఆ అధ్యయనం చూపింది. ఆ సంస్థ ముందునుంచే నేను స్టూడియోకి వెళ్ళేదాన్ని. ఎవరి ఎముకల మీద ఆ పరిశోధన జరిగిందో వాళ్ళలో ఒక్కరు కూడా మా రెండు హాళ్ళలో కర్ర పట్టుకుని నిలబడి లేరు. చెయిన్‌లో నేల తుడిచే ఆమె క్లాసు జరిగినంతసేపు మెట్ల మీద కూచునేది. మేడ మీద నేల టీచరే తుడుచుకునేది.

చివరికి నేను మేడ మీది హాలుకే వెళుతున్నాను. నెలనెలా కడుతున్నాను. తీర్పుగా కాదు, మూడు ప్రశ్నలు వేసుకుని. నేను ఆపమంటే ఆగుతారా? నా డబ్బు నెలకి మించి వాళ్ళ దగ్గర ఉండిపోతుందా? నాకు నేర్పే మనిషికి తన పాఠం మార్చుకునే అధికారం ఉందా? ఈ మూడింటికీ నాకక్కడ జవాబు దొరికింది. నాలుగో ప్రశ్న నా కొలీగుది, లోపలికి ఎవరిని రానిస్తారన్నది. దానికి జవాబు ఇంకా లేదు. యజమానితో మాట్లాడదామని టీచరుతో అన్నాను. “హాలు ఖాళీ చేయమంటే మీరు ఇప్పిస్తారా మేడం?” అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు క్యాంపస్ చుట్టుపక్కల మరో హాలు కోసం ఇద్దరం వెతుకుతున్నాం. లెహంగా మాట గురించి కూడా పోట్లాడాను. ఆమె నవ్వేసింది, కానీ ఆ తర్వాత నా ముందు అనలేదు.

ఆ ఉత్సాహంలోనే మా ఇంట్లో పనిచేసే ఆమెని కూడా అడిగాను. “ఫీజు నేను కడతా, నాతో రా. మోకాళ్ళు నొప్పులంటావు కదా, కాసేపు వంగి లేస్తే మంచిది” అన్నాను. ఆమె గిన్నెలు కడుగుతూ తల తిప్పకుండానే అంది. “పొద్దుగాల్ల లేసినకాడ్నుంచి వంగుడు, లేసుడే కదమ్మా నా పని. నాకు గావాల్సింది జరంత కూసునుడు.”

స్టూల్ తెచ్చి వేశాను. కూచోలేదు. ఇంకా రెండిళ్ళున్నాయంది.